పెద్ద మాటలు ఎవరివి?

హైస్కూల్లో ఇంగ్లీషు పాఠం అయిపోగానే బోర్డు మీదికి పది మాటలు ఎక్కుతాయి. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం. పిల్లలు నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటారు, ఒక్కొక్కటి ఐదుసార్లు రాస్తారు, మర్నాడు స్లిప్ టెస్టు పెడతాం. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ఆ మాటలు పెద్దవవుతాయి, నాలుక తిరగనివవుతాయి. మా నంద్యాల బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరుపడ్డ ఊరు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో డిగ్రీ అయినవాళ్లు వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, మాటల జాబితాలు బట్టీ పడుతుంటారు. ఒక మాట, దాని సమానార్థకం, దాని వ్యతిరేకార్థకం. ఆ జాబితాల జిరాక్సులు ఆళ్లగడ్డ, రుద్రవరం, ఆత్మకూరు వైపు హాస్టళ్లకూ ఆశ్రమ పాఠశాలలకూ చేరుతున్నాయి. నల్లమల అంచు గూడేల నుంచి వచ్చిన మన పిల్లలూ వాటినే వల్లె వేస్తున్నారు.

వల్లె వేయడం తప్పని మేము అనడం లేదు. కానీ ఆదివాసీ ఉపాధ్యాయులుగా మనల్ని మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఒక మాట వచ్చు అంటే ఏమిటి? నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో పది మాటలకే చోటుంటే, ఏ పది నేర్పాలి? ఆ ఎంపిక ఎవరు చేయాలి, ఎవరికోసం చేయాలి? పైకి ఇది బోధనా పద్ధతికి సంబంధించిన ప్రశ్నలా ఉంటుంది. లోపలికి వెళ్లి చూస్తే ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

స్టాఫ్ రూముల్లో రెండు వాదనలు వింటుంటాం. మొదటిది జాలి వాదన. "వీళ్లకు చిన్న వాక్యమే సరిగ్గా రాదు, పెద్ద మాటలు ఎందుకు సార్? ముప్పై ఐదు మార్కులు వచ్చేటట్టు చూడండి, చాలు." రెండోది నిచ్చెన వాదన. "ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగం. ఎన్ని మాటలు వస్తే అంత ఎత్తు. నిఘంటువు మొత్తం బట్టీ పెట్టించండి." ప్రభుత్వాలు కూడా ఈ రెండింటి మధ్యే తిరిగాయి. 2019 నవంబరులో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. 2021లో బడి సంచితో పాటు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఇచ్చారు. 2023లో టోఫెల్ పరీక్ష అన్నారు, మరుసటి ఏడు ప్రభుత్వం మారాక అదీ ఆగింది. రాజ్యాంగం 350-ఏ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలంటుంది. పేదవాడి పిల్లకు ఇంగ్లీషు ఎందుకు వద్దని మరో పక్షం అడుగుతుంది. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ ఇంత చర్చ జరిగినా గూడెం దాకా వచ్చి, "మీ పిల్లలకు ఏ మాటలు అవసరం?" అని అడిగినవాళ్లను మేము చూడలేదు.

జాలి వాదనలో ఒక చిన్నచూపు దాగి ఉంది. "చాలు" అనే మాట ఎవరు ఎవరి తరఫున అంటున్నారో చూడండి. తన బిడ్డకు చాలదనుకున్నది పక్కవాడి బిడ్డకు చాలుననడం జాలి కాదు. నిచ్చెన వాదనలో మరో లోపం ఉంది. అది మాటను చిల్లర నాణెంలా చూస్తుంది. ఎన్ని పోగేస్తే అంత లాభం అనుకుంటుంది. మాట నాణెం కాదు. మాటకు పుట్టుక ఉంది, పలికినవాడు ఉన్నాడు, ఎవరిమీద పలికాడో వాళ్లున్నారు. ఆ మూడూ తెలియకుండా అర్థం ఒక్కటే నేర్చుకుంటే మాట సగమే వచ్చినట్టు. ఆదివాసీ పిల్లల విషయంలో ఆ తెలియని సగమే ప్రమాదకరం. ఎందుకంటే మనం ఇంగ్లీషు నేర్చుకోవడానికి చాలాకాలం ముందే ఇంగ్లీషులో మన గురించి మాటలు సిద్ధంగా ఉన్నాయి.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. పుట్టకముందే బిడ్డకు నేరస్థుడనే మాట రాసిపెట్టిన చట్టం అది. స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో పెట్టింది ఆ మాట పేరుతోనే. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో, ఆ చట్టం పోయింది. దాని స్థానంలో రాష్ట్రాల్లో "హ్యాబిచువల్ అఫెండర్స్" చట్టాలు వచ్చాయి. క్రిమినల్ పోయి హ్యాబిచువల్ వచ్చింది. పదోతరగతి పిల్లవాడు "హ్యాబిట్ అంటే అలవాటు" అని రాసి మార్కు తెచ్చుకుంటాడు. ఆ అలవాటు అనే మాటను కొన్ని జాతుల మెడకు ఎలా కట్టారో అతనికి ఎవరు చెప్పాలి? 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. 1943లో హైమెండార్ఫ్ చెంచుల మీద రాసిన పుస్తకానికి పేరులోనే "జంగిల్ ఫోక్" అని పెట్టాడు. వాటిలో మనకు పనికొచ్చే సమాచారం చాలా ఉంది, కాదనం. కానీ అవి ఎవరి గురించి రాశారో వాళ్లు చదువుతారని అనుకుని రాసినవి కావు.

తర్వాత మన ప్రభుత్వమే మాటలు ఎంచింది. 1975లో కొన్ని తెగలను "ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్స్" అన్నారు. అందులో మన చెంచులు ఉన్నారు. 2006లో ఆ పేరు మార్చి "పర్టిక్యులర్లీ వల్నరబుల్" అన్నారు. దేశం మొత్తం మీద అలాంటి సమూహాలు 75. 2023 నవంబరు 15న మొదలైన పిఎం జన్‌మన్ పథకం వీళ్లకోసమే. గూడెంలో ఇల్లు రావాలన్నా, రోడ్డు రావాలన్నా ఆ మాట కిందే రావాలి. కాబట్టి ఆ మాట మన పిల్లలకు తెలిసి తీరాలి. తెలియడం అంటే ఏమిటో ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం.

"ప్రిమిటివ్" అనే మాట లాటిన్‌లో "మొదటి" అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. మన "ఆది" కూడా అదే. ఆదివాసి అంటే మొదటినుంచీ ఉన్నవాడు. ఆదికవి, ఆదిశక్తి అన్నప్పుడు ఆ మాటకు ఎంత గౌరవం ఉందో మనకు తెలుసు. అదే "మొదటి" అనే అర్థం ఇంగ్లీషులో నడిచి నడిచి "వెనకబడిన, మోటు" అనే అర్థానికి చేరింది. అర్థం దానంతట అది జారలేదు. ముందే ఉన్నవాళ్లను వెనక ఉన్నవాళ్లుగా చూసిన కళ్లు దాన్ని జార్చాయి. ఇది తెలిసిన పిల్ల ఆ మాట విన్నప్పుడు తల దించుకోదు.

"వల్నరబుల్" ఇంకా ఆలోచింపజేస్తుంది. దాని మూలంలో ఉన్నది "గాయం". వల్నరబుల్ అంటే గాయపడే స్థితిలో ఉన్నవాడు. మాట గాయం గురించి చెప్పింది, గాయపరిచినవాడి గురించి చెప్పలేదు. కత్తి ఎవరి చేతిలో ఉందో ఆ మాటలో కనపడదు. తెలుగులో "బలహీన వర్గాలు" అన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. బలహీనత వాళ్ల ఒంట్లో పుట్టినట్టు వినిపిస్తుంది. "బలహీనపరచబడినవాళ్లు" అంటే వెంటనే మరో ప్రశ్న వస్తుంది, ఎవరు బలహీనపరిచారు అని. ఆ ప్రశ్న రానివ్వకపోవడంలోనే మొదటి మాటకున్న సౌకర్యం ఉంది.

దీనికి తలకిందుగా పనిచేసే మాటలు కొన్ని ఉన్నాయి. "డ్రాపౌట్" చూడండి. ఇక్కడ పని చేసినవాడు పిల్లవాడే అయిపోతాడు. బడి దూరమైందా, టీచరు రాలేదా, యాసను వెక్కిరించారా, ఇంట్లో కూడు లేదా, ఇవేవీ ఆ మాటలో ఉండవు. పండు రాలినట్టు పిల్లవాడే రాలిపోయాడు. "ఎన్‌క్రోచర్" కూడా అంతే. ఆ మాట మూలంలో "కొక్కెం" ఉంది. కొక్కెం వేసి లాక్కోవడం. తాతల కాలం నుంచి ఉన్న గూడెం మీదుగా రిజర్వు ఫారెస్టు గీత పోతే, గీత కదిలిందని అనరు, మనిషి ఆక్రమించాడని అంటారు. ఒక మాట దెబ్బ కొట్టినవాణ్ణి దాస్తుంది, ఇంకో మాట దెబ్బ తిన్నవాణ్ణే దోషిగా నిలబెడుతుంది. వ్యాకరణంలో కర్త, కర్మ అని మనం చెప్పే పాఠం ఇదే కదా. దీన్ని ఇంగ్లీషు పీరియడ్‌లో చెప్పడానికి ప్రత్యేక పాఠ్యపుస్తకం అక్కర్లేదు. ప్రతి పెద్ద మాట దగ్గరా మూడు ప్రశ్నలు చాలు. ఇది ఎవరు అన్నారు? ఎవరి గురించి అన్నారు? ఈ మాటలో కనపడకుండా పోయింది ఎవరు?

ఇక చట్టం దగ్గరికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే మనకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. ఆ చట్టంలో "ఫ్రీ ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్" అనే మాట ఉంది. పులుల కోసమో ఇతర వన్యప్రాణుల కోసమో అడవిని "ఇన్‌వయొలేట్"గా, అంటే ఎవరూ కదిలించని చోటుగా, ఉంచాలంటే, అక్కడివాళ్లను తరలించే ముందు గ్రామసభ సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవాలి. నల్లమలలో 1978లో అభయారణ్యం, 1983లో పులుల రిజర్వు వచ్చాయి. తరలింపు, ప్యాకేజీ అనే మాటలు మన గూడేలకు కొత్త కాదు. కన్సెంట్ మూలార్థం "కలిసి అనుభవించడం". చట్టం దానికి స్వేచ్ఛగా, విషయం తెలిసి అని రెండు కాపలాలు పెట్టింది. మాటే తెలియనివాడి సంతకంలో విషయం తెలిసిన సమ్మతి ఎక్కడుంటుంది? సంతకం పెట్టడం నేర్పి, దేనిమీద పెడుతున్నాడో నేర్పకపోతే మన అక్షరాస్యత ఎవరికి పనికొచ్చినట్టు?

అదే చట్టంలో "మైనర్ ఫారెస్ట్ ప్రొడ్యూస్" ఉంది. వెదురు, తేనె, మైనం, లక్క, బీడీ ఆకు, మందుమొక్కలు, గడ్డలు, వేర్లు అన్నీ అందులోకి వస్తాయి. ప్రభుత్వ లెక్కలో కలప మేజరు, తేనె మైనరు. మన ఇంట్లో ఆ లెక్క లేదు. కలప మీద మనం ఎప్పుడూ బతకలేదు. మనల్ని బతికించింది మైనరే. అయితే ఆ మాటలు నేర్చుకోవడం మానుకోకూడదు. తేనె, వేర్లు మీద హక్కు అడగాలంటే దరఖాస్తులో "మైనర్" అనే రాయాలి. రాస్తున్నప్పుడు మనసులో నవ్వుకోవడం మన హక్కు.

ఇంతవరకూ చెప్పినదానికి ఒక అభ్యంతరం రావచ్చు, రావాలి కూడా. "అంటే ఆదివాసీ పిల్లలకు చట్టం మాటలు, పోరాటం మాటలు మాత్రమే నేర్పాలా?" అలా అంటే మేము కూడా జాలి వాదనలోకే జారినట్టు. పట్నం పిల్ల సరదాకు మాట నేర్చుకోవచ్చు, గూడెం పిల్ల అవసరానికే నేర్చుకోవాలి అనడం మరో కంచె కట్టడమే. ఏ పనికీ రాని అందమైన మాట మీద కూడా మన పిల్లకు హక్కుంది. వెన్నెల వెలుగుకు, ఆకు మీది మంచుకు, అనుకోకుండా దొరికిన సంతోషానికి ఇంగ్లీషులో ఉన్న మాటలు మన పిల్లలకూ చెందుతాయి.

పైగా ఆ మాటలు మన పిల్లలకు మనం అనుకున్నంత దూరం కావు. "ఎఫెమెరల్" అనే మాట తీసుకోండి. ఒక్కరోజే ఉండేది అని దాని గ్రీకు మూలార్థం. బోర్డు మీద "క్షణికమైన" అని రాస్తే పిల్లవాడికి ఒక కష్టమైన మాట బదులు రెండు కష్టమైన మాటలు వచ్చినట్టు. తొలి వాన పడ్డ సాయంత్రం పుట్టలోంచి లేచి, దీపం చుట్టూ తిరిగి, తెల్లారేసరికి రెక్కలు రాల్చే ఉసుళ్లను చూసినవాడికి ఆ మాట అప్పటికే సగం వచ్చు. "ట్రస్ట్" అనే మాటకు కొండతేనె తాడుకన్నా మంచి అర్థం ఏ నిఘంటువులో ఉంది? కొండ చరియ మీద నుంచి తాడు కట్టుకుని తేనెపట్టు దగ్గరికి దిగేవాడి తాడు పైన బావమరిది పట్టుకుంటాడు. అక్క పసుపు కుంకుమ తన చేతిలో ఉన్నాయని అతనికి తెలుసు. నమ్మకం, బాధ్యత, పరస్పరం ఆధారపడటం, ఈ పెద్ద పెద్ద పాఠాలన్నీ ఆ ఒక్క తాడులో ఉన్నాయి. పిల్లవాడికి భావం లేదనుకుని మనం మాట మొదలుపెడతాం. భావం ఉంది. దానికి ఇంకో భాషలో పేరు చెప్పడమే మన పని.

మాటలు ఒకవైపే నడవవని కూడా పిల్లలకు చెప్పాలి. ఇంగ్లీషు నిఘంటువులో "బ్యాండికూట్" అనే మాట ఉంది. అది మన "పందికొక్కు". తెల్లవాడు ఇక్కడికొచ్చి మన నోట విని పట్టుకుపోయిన మాట. "జంగిల్" కూడా ఈ దేశపు మాటే. ఈ సంగతి తెలిసిన రోజు తరగతిలో నవ్వులు వినిపిస్తాయి. ఆ నవ్వుతో భయం కొంచెం దిగుతుంది. వాళ్ల నిఘంటువులో మన వాటా ఉందన్నమాట.

ఒక చిన్న పద్ధతి చెబుతాం. నోటు పుస్తకంలో రెండు గళ్లకు బదులు మూడు గళ్లు గీయించండి. ఇంగ్లీషు మాట, పుస్తకం తెలుగు మాట, ఇంట్లో వాడే మాట. చెంచుల మాటను తెలుగులో ఒక యాసగా లెక్కగడతారు. యాస అన్నా సరే, మాండలికం అన్నా సరే, దానికి ఒక గడి ఉండాలి. ఆ గడి లేకపోతే ఇంటి మాట తప్పు మాట అని పిల్లవాడు తనకు తానే తీర్మానించుకుంటాడు. మూడు గళ్లు నింపేటప్పుడు కొన్ని ఖాళీగా మిగులుతాయి. ఇంటి గడి ఖాళీ అయితే మన భాష పేదదని అనుకోనక్కర్లేదు, ఎందుకంటే ఇంగ్లీషు గడి కూడా ఖాళీ అవుతుంది. జుంటితేనె, పెరతేనె, పుట్టతేనె అని మనం వేరువేరుగా అంటే వాళ్లకు అంతా "హనీ"యే. బావ, బావమరిది, మరిది, తోడల్లుడు అందరూ కలిసి వాళ్లకు ఒక్క "బ్రదర్-ఇన్-లా". అల్లుణ్ణి వాళ్లు "సన్-ఇన్-లా" అంటారు, చట్టం వల్ల అయిన కొడుకని. మన ఆళ్లగడ్డ పక్కన అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకుని మనకు అల్లుడయ్యాడు. కనుమ రోజు మొదలయ్యే పారువేటలో మనవాళ్లు విల్లంబులు పట్టుకుని ఆయన పల్లకి ముందు నిలబడతారు. ఆ చుట్టరికం ఏ చట్టం వల్లా రాలేదు. దాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే పిల్లవాడు ఒక్క మాటలో చెప్పలేడు, ఒక పేరా రాయాలి. మంచిదే, రాయనివ్వండి. కాంపోజిషన్ అంటే అదే.

పెద్ద మాటలు నేర్చి ఏం చేయాలి అనే ప్రశ్నకు మనకు ఒక పెద్ద ఉదాహరణ ఉంది. జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నాడు. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో లేచి నిలబడ్డాడు. అక్కడున్న పెద్దలెవరికీ తీసిపోని ఇంగ్లీషు ఆయనది. దాన్ని తన గొప్ప చూపించుకోవడానికి వాడలేదు. తమను పిలిచే "జంగ్లీ" అనే పేరును దాచుకోకుండా, అది తనకు గర్వమేనని చెప్పాడు. ప్రజాస్వామ్యం ఆదివాసులకు మీరు నేర్పక్కర్లేదు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలని ఆ సభకు చెప్పాడు. "ఆదివాసి" బదులు "వనజాతి" అని అనువదిస్తే ఎందుకని నిలదీశాడు. ఒక్క మాట కోసం అంత పట్టుదల ఎందుకంటే, పేరు పెట్టే హక్కు ఎవరిదో తేలితే మిగతా హక్కుల దారి కూడా తేలుతుంది.

యువతకు చివరగా ఒక మాట చెప్పాలి. ఇది మాకు అన్నిటికన్నా బరువైన సంగతి. నేర్చుకున్న మాటను ఎటువైపు తిప్పుతామనేదే అసలు పరీక్ష. డిగ్రీ చేసి గూడెం వచ్చినవాడు తన అవ్వను చూసి "ఇల్లిటరేట్" అనవచ్చు, తన వాళ్ల పద్ధతిని చూసి "ప్రిమిటివ్" అనవచ్చు. అప్పుడు ఒకప్పుడు బయటివాడు అన్న మాటను మనలోంచి ఒకడు అన్నట్టవుతుంది. దానికి మనం కట్టిన ఫీజు, మేల్కొన్న రాత్రులు, హాస్టల్ అన్నం అన్నీ వృథా. మరో దారి కూడా ఉంది. గూడేనికి ఒక నోటీసు వచ్చినప్పుడు చెట్టుకింద కూర్చుని దాన్ని మాట మాటకూ విప్పి పెద్దలకు చెప్పవచ్చు. ఈ మాటకు ఈ అర్థం, ఇక్కడ మన సమ్మతి అడుగుతున్నారు, ఇవ్వకపోయే హక్కు మనకుంది అని చెప్పవచ్చు. మాట రానివాళ్ల పట్ల మాట వచ్చినవాడికి ఉన్న బాధ్యత ఇంతే. తెలిసినవాడు తెలియనివాణ్ణి తక్కువ చూడకుండా, తెలిసినదాన్ని దాచుకోకుండా ఉండటం. కొండతేనె తాడు పట్టుకున్నవాడి బాధ్యతే ఇదీ.

తోటి ఉపాధ్యాయులారా, రేపు బోర్డు మీద పది మాటలు రాసేటప్పుడు ఇలా చేసి చూడండి. మూడు పరీక్ష కోసం రాయండి, ఎందుకంటే పరీక్ష నిజం. మూడు మన గురించి ఇతరులు రాసినవి రాయండి, ఎందుకంటే జవాబు చెప్పవలసింది మన పిల్లలే. మూడు ఏ పనికీ రాని అందమైనవి రాయండి. పదోది పిల్లల్ని అడగండి. వాళ్లకు చెప్పాలని ఉండి, ఇంగ్లీషులో చెప్పలేకపోతున్న సంగతి ఒకటి తరగతిలో ఎవరో ఒకరి దగ్గర తప్పకుండా ఉంటుంది. దానికి మాట మనకూ తెలియకపోతే, సంచిలో ఉన్న ఆ నిఘంటువు తీసి అందరం కలిసి వెతుకుదాం.